సర్వీసులో ఉంటూ ఎంఏ: జూన్ పరీక్షలు పోయాయి, ఆపేయాలా?

హవల్దార్_గోదారి
ఆర్మీలో 13వ ఏడు నడుస్తోంది. నిరుడు జూలైలో ఇగ్నోలో దూరవిద్యగా ఎంఏ పబ్లిక్ అడ్మినిస్ట్రేషన్‌లో చేరాను. రాత్రి రోల్ కాల్ అయ్యాక, బారక్‌లో లైట్లు తీసేశాక దుప్పట్లో ఫోన్ వెలుగులో చదివాను. నాలుగు పేపర్ల అసైన్‌మెంట్లూ చేత్తో రాసి పంపాను. జూన్‌లో ఎలాగూ లీవు ఉందని పరీక్ష సెంటర్ రాజమండ్రి పెట్టుకున్నాను. తీరా బయల్దేరడానికి నాలుగు రోజుల ముందు లీవులు ఆగిపోయాయి. ఎందుకని అడిగేది ఉండదు, మన ఉద్యోగమే అది. నాలుగు పేపర్లలో ఒక్కటి కూడా రాయలేదు.
హాల్ టికెట్ ప్రింటు తీసి ట్రంకు పెట్టె మూత లోపలి వైపు అంటించుకున్నాను. ఇప్పుడు సబ్బు కోసం పెట్టె తెరిచినా అదే కనబడుతోంది. చింపడానికి చెయ్యి రావడం లేదు.
ఒక సీనియర్ అన్నాడు, "గార్డ్ డ్యూటీకి ఎంఏ అడుగుతారా ఏంటి" అని. ఇంట్లో వాళ్లూ మానేయమనే అంటున్నారు. ఫస్టియర్ పోయింది కాబట్టి సెకండియర్‌కు వెళ్లే వీలు లేనట్టేగా? ఇక్కడితో ఆపేయడమే మంచిదా?

సిగ్నల్స్_తమ్ముడు
ఏడాది ఎక్కడికీ పోలేదన్నా. డిసెంబర్‌లో మళ్లీ పరీక్షలు ఉంటాయి. అసైన్‌మెంట్లు పాసైతే ఆ మార్కులు అలాగే ఉంటాయి, మళ్లీ రాయక్కర్లేదు. తొందరపడి ఆపేయకు.

పాత_సుబేదార్
ముందు అందరికీ ఒక మాట. యూనిట్ ఏది, ఎక్కడున్నావు, లీవులు ఎందుకు ఆపారు అని ఎవరూ అడగొద్దు. గోదారీ, నువ్వూ చెప్పొద్దు. చదువు గురించే మాట్లాడుకుందాం.
ఇక నీ సంగతి. నీ పొరపాటు చదవడంలో లేదు, సెంటర్ దగ్గర ఉంది. పరీక్ష సొంతూళ్లో పెట్టుకుంటే నీ చదువంతా లీవు మీద వేలాడుతుంది. లీవు మన చేతిలో ఉండదు. యూనిట్‌కు దగ్గరగా ఉన్న సెంటర్ పెట్టుకో. పొద్దున వెళ్లి పేపర్ రాసి సాయంత్రం రోల్ కాల్‌కు వచ్చేస్తావు. కంపెనీ కమాండర్‌కు ఇరవై రోజుల లీవు ఇవ్వడం కష్టం గానీ నాలుగు పూటలు మనిషిని వదలడం అంత కష్టం కాదు.
నేను బీఏ, ఎంఏ రెండూ ఇలాగే చేశాను. అప్పట్లో గడువు ఎక్కువ ఉండేది, ఎంఏకి ఐదేళ్లు పట్టింది. మధ్యలో ఒక ఫీల్డ్ టెన్యూర్ (సరిహద్దు వైపు పోస్టింగ్), ఒక ప్రమోషన్ కేడర్ (ప్రమోషన్ కోసం చేసే కోర్సు), మా అమ్మ పోవడం. ఒక పేపర్‌కు మూడుసార్లు ఫారం నింపి మూడోసారికి రాయగలిగాను.

లెక్చరర్_మాస్టారు
నేను ఫౌజీని కాదు. స్టడీ సెంటర్‌లో కౌన్సెలర్‌గా పనిచేసి రిటైరయ్యాను. ఆదివారం క్లాసులకు పొట్టి క్రాపుతో వెనక బెంచీలో నిటారుగా కూర్చునే జవాన్లను చాలామందిని చూశాను.
గోదారి గారూ, సెకండియర్ విషయంలో మీరు పొరబడ్డారు. ఫస్టియర్ పరీక్షలు రాయకపోయినా రీ-రిజిస్ట్రేషన్ చేసుకుంటే సెకండియర్‌లోకి వెళ్లొచ్చు. ఆ రీ-రిజిస్ట్రేషన్ గడువు దాటనివ్వకండి, అంతే. రెండేళ్ల కోర్సుకు నాలుగేళ్ల దాకా సమయం ఇస్తారు. పరీక్షలు ఏడాదికి రెండుసార్లు, జూన్‌లో, డిసెంబర్‌లో. మీలాంటి వాళ్ల కోసమే ఈ ఏర్పాటు అన్నా తప్పులేదు.
ఇంకో లెక్క చూడండి. ఇగ్నోలో ఒక క్రెడిట్ అంటే 30 గంటల చదువు. 8 క్రెడిట్ల పేపర్‌కు 240 గంటలు. అలాంటివి నాలుగు ఒకే ఏడాదిలో అంటే 960 గంటలు, రోజుకు రెండున్నర గంటలు దాటుతుంది. ఆదివారాలు కూడా కలిపే చెబుతున్నాను. రెండు గంటలు స్టాగ్, అంటే కాపలా డ్యూటీ కొట్టి నాలుగు గంటలు పడుకుని మళ్లీ స్టాగ్‌కు లేచే మనిషి అన్ని గంటలు ఎక్కడి నుంచి తెస్తాడు? డిసెంబర్‌కు రెండే పేపర్లు పెట్టుకోండి. మిగతా రెండూ వచ్చే జూన్‌కు.

నల్లమల_ఫౌజీ
అందరూ ఒకే వైపు మాట్లాడుతున్నారు కాబట్టి నేను రెండో వైపు చెబుతాను, తిట్టుకోకండి. డిగ్రీ ఉంటే చాలు. రిటైరయ్యాక రాసే బ్యాంకు పరీక్షలకు, గ్రూప్స్‌కు, రైల్వేకు పీజీ ఎవరూ అడగరు. కేంద్రంలో గ్రూప్ సి పోస్టుల్లో ఎక్స్ సర్వీస్‌మెన్‌కు 10 శాతం ఉంది, దానికీ పీజీతో పనిలేదు. 13 ఏళ్ల సర్వీసు అంటే పెన్షన్ ఇంకో రెండేళ్ల దూరం. ఆ రాత్రి గంటలు రీజనింగ్‌కు, మ్యాథ్స్‌కు పెడితే బయటకు రాగానే ఉద్యోగం ఉంటుంది. మా బావమరిది ఎంఏ, ఎంఫిల్ చేసి చివరికి సెక్యూరిటీ సూపర్‌వైజర్‌గా చేరాడు. ఆ సర్టిఫికెట్లు చూసినప్పుడల్లా వాడి మొహం నేను చూడలేను.

సిగ్నల్స్_తమ్ముడు
ఒక్క బావమరిదిని చూసి అందరికీ అదే చెబితే ఎలా అన్నా.

నల్లమల_ఫౌజీ
ఒక్కడు కాదు తమ్ముడూ, మా మండలంలో పదిమందిని చూపిస్తాను. చదువుకు నేను వ్యతిరేకం కాదు. ఏ చదువు ఎందుకో ముందు తేల్చుకోమంటున్నాను.

పాత_సుబేదార్
నల్లమల చెప్పిందాంట్లో సగం నిజం ఉంది. ఎందుకు చేస్తున్నావో నీకు తెలియకపోతే ఫీల్డ్‌లో మొదటి చలికాలానికే పుస్తకం మూసేస్తావు. గోదారీ, నువ్వే చెప్పు, పబ్లిక్ అడ్మినిస్ట్రేషనే ఎందుకు?

హవల్దార్_గోదారి
నిజం చెప్పాలంటే మొదట ఏదో ఒక పీజీ ఉండాలనే చేరాను సాబ్. పుస్తకం తెరిచాక మారింది. ఒక మనిషికి ఒక్క అధికారి నుంచే ఆర్డర్ రావాలని ఫాయోల్ అనే ఆయన వందేళ్ల కిందటే చెప్పాడట. అది చదివిన రోజు పొద్దున్నే సీహెచ్ఎం (కంపెనీ హవల్దార్ మేజర్) ఒక వర్కింగ్ పార్టీకి, అంటే పనికి పంపే జట్టుకు, క్వార్టర్ మాస్టర్ ఇంకో వర్కింగ్ పార్టీకి నన్నే పంపారు. ఎటు వెళ్లాలో తెలియక మధ్యలో నిలబడ్డాను. రాత్రికి పుస్తకంలో అదే ఉంది! ఆ పేజీ మూడుసార్లు చదివాను. పదమూడేళ్లుగా నేను నడుస్తున్న దారికి ఎవరో మ్యాప్ గీసి ఇచ్చినట్టు అనిపించింది.
బయటకు వచ్చాక లెక్చరర్ కావాలని ఉంది. ఈ మాట ఇంతవరకూ ఎవరికీ చెప్పలేదు, మా ఇంట్లో కూడా.

నల్లమల_ఫౌజీ
ఈ మాట మొదటే చెప్పి ఉంటే నేను అంత రాసేవాణ్ణి కాదు. లెక్చరర్ అంటే పీజీ లేకుండా కుదరదు. చదువు తమ్ముడూ.

లెక్చరర్_మాస్టారు
అయితే ఇది గట్టిగా గుర్తుపెట్టుకోండి. ఎంఏ పాసవడానికి 40 శాతం చాలు. యూజీసీ నెట్ రాయాలంటే జనరల్ వాళ్లకు పీజీలో 55 శాతం కావాలి, రిజర్వేషన్ ఉన్నవాళ్లకు 50. పాసైతే చాలనుకుని 45తో బయటపడిన మంచి విద్యార్థులను చూశాను, తర్వాత వాళ్ల బాధ చెప్పనలవి కాదు. అసిస్టెంట్ ప్రొఫెసర్ అర్హత కోసం రాసే నెట్‌కు వయసు పరిమితి లేదు, కాబట్టి రిటైరయ్యాక కూడా తలుపు తెరిచే ఉంటుంది. పరిశోధన ఫెలోషిప్ జేఆర్ఎఫ్‌కు మాత్రం వయసు చూస్తారు.
ఫలితంలో అసైన్‌మెంట్లకు 30 శాతం, పరీక్షకు 70 శాతం. అసైన్‌మెంట్లు తీరిగ్గా, శ్రద్ధగా రాస్తే ఆ 55కి సగం దారి అక్కడే పడుతుంది.

ఈఎంఈ_మెకానిక్
సందట్లో నాదో సందేహం. నాకు 15 ఏళ్లు నిండాయి. రికార్డ్ ఆఫీస్ నుంచి గ్రాడ్యుయేషన్ సర్టిఫికెట్ వస్తుంది కదా. దాంతో నేరుగా ఎంఏలో చేరొచ్చా? ఒక ఏజెంట్ చేరొచ్చన్నాడు. ఏడాదిలోనే ఎంఏ చేయిస్తానని అడ్వాన్స్ కూడా తీసుకున్నాడు.

యూనిట్_క్లర్క్
ఆగు భాయ్, ఇంక ఒక్క రూపాయి కూడా ఇవ్వకు. పదో తరగతి చదివి 15 ఏళ్ల సర్వీసు చేసినవాళ్లకు ఇచ్చే ఆ సర్టిఫికెట్ ఉద్యోగాల కోసం. డిగ్రీ అడిగే కొన్ని గ్రూప్ సి పోస్టులకు అప్లై చేసుకునే అర్హత ఇస్తుంది, అంతవరకే. అది యూనివర్సిటీ డిగ్రీ కాదు. దాన్ని చూపించి ఎంఏలో చేరడం కుదరదు. మా ఆఫీసుకు వచ్చే ప్రశ్నల్లో సగం దీని మీదే. నిజమైన డిగ్రీ కావాలంటే సర్వీసులో ఉన్నవాళ్లకు, రిటైరైనవాళ్లకు ఆంధ్రా యూనివర్సిటీ బీఏ హెచ్ఆర్ఎం (మానవ వనరుల నిర్వహణ) ఉంది, లేదా ఇగ్నోలో మామూలు బీఏ ఉంది.
ఏడాదిలో ఎంఏ అనేవాడి దగ్గరి నుంచి డబ్బు వెనక్కి అడుగు. ఏ యూనివర్సిటీ దూరవిద్య కోర్సుకైనా యూజీసీ డిస్టెన్స్ ఎడ్యుకేషన్ బ్యూరో అనుమతి ఉందో లేదో చూసే చేరాలి. అనుమతి లేని చోటి డిగ్రీతో ఉద్యోగంలో చేరితే తర్వాత అది కూడా పోతుంది.

ఈఎంఈ_మెకానిక్
అమ్మో. చాలా పెద్ద మొత్తమే ఇచ్చాను. రేపే ఫోన్ చేస్తాను. చెప్పినందుకు నీకు రుణపడి ఉంటాను భాయ్.

యూనిట్_క్లర్క్
గోదారికి కూడా ఒకటి అడగాలి. చేరేముందు యూనిట్‌లో పర్మిషన్ తీసుకున్నావా? అప్లికేషన్ పెట్టి ఆఫీస్ కాపీ దగ్గర ఉంచుకున్నావా? రేపు ఎంఏ పాసయ్యాక పార్ట్ 2 ఆర్డర్ పబ్లిష్ చేయించుకోవాలి. అది కాకపోతే నువ్వు ఎంఏ అని నీ రికార్డులో ఎక్కడా ఉండదు. రిటైర్మెంట్ దగ్గర పడ్డాక పరుగెత్తుకుంటూ వచ్చేవాళ్లను రోజూ చూస్తున్నాను.

హవల్దార్_గోదారి
నోటి మాటగా చెప్పాను భాయ్. కాగితం పెట్టలేదు. పైగా పెద్దగా ఎవరికీ తెలియనివ్వలేదు. ఫెయిలైతే నలుగురిలో నవ్వులపాలవుతానేమోనని.

రిటైర్డ్_కల్నల్
ఈ ఒక్క విషయం మీద రాయాలనే లాగిన్ అయ్యాను.
నేను కంపెనీ కమాండర్‌గా ఉన్నప్పుడు ఇద్దరు జవాన్లు ఒకే ఏడాది పరీక్షలకు వెళ్లాల్సి వచ్చింది. ఒకడు జనవరిలోనే తేదీలు అంచనాగా రాసి అప్లికేషన్ ఇచ్చాడు. లీవ్ ప్లాన్ వేసేటప్పుడు వాడి పేరు పక్కన పెన్సిల్‌తో గుర్తు పెట్టాను, డ్యూటీ రోస్టర్ దాని ప్రకారమే తయారైంది. రెండోవాడు పరీక్షకు ముందు రోజు సాయంత్రం వచ్చి నిలబడ్డాడు. అప్పటికే గార్డ్ పేర్లు ఖరారయ్యాయి. వాణ్ణి పంపలేకపోయాను. వాడి కళ్లలో నీళ్లు ఇప్పటికీ గుర్తున్నాయి. ముందే చెప్పి ఉంటే తప్పకుండా పంపేవాణ్ణి.
ఇంకోటి కూడా ఒప్పుకోవాలి. ఆఫీసర్లకు ఈ దారి చాలా సులువు. వెల్లింగ్టన్ స్టాఫ్ కాలేజీలో కోర్సు చేస్తే మద్రాస్ యూనివర్సిటీ ఎంఎస్సీ వస్తుంది. సికింద్రాబాద్ కాలేజ్ ఆఫ్ డిఫెన్స్ మేనేజ్‌మెంట్ కోర్సుకు ఉస్మానియా మాస్టర్స్ డిగ్రీ ఇస్తుంది. రెండేళ్ల దాకా స్టడీ లీవు అడిగే వీలూ ఉంది. అంటే మాకు చదవడమే డ్యూటీ. జవాన్ మాత్రం డ్యూటీ అయ్యాక, ఒళ్లు హూనమయ్యాక పుస్తకం పట్టాలి. అలా వచ్చిన ఎంఏకి నా డిగ్రీ కంటే ఎక్కువ గౌరవం ఇస్తాను. మనసులోంచి వస్తున్న మాట ఇది.

పాత_సుబేదార్
సాబ్, ఈ మాట మా రోజుల్లో ఎవరైనా అని ఉంటే ఎంత బాగుండేది.

ఫౌజీ_ఇల్లాలు
మా వారు ఇప్పుడు ఎంకామ్ చేస్తున్నారు. ఇంట్లో ఉన్నవాళ్ల తరఫున రెండు మాటలు.
మొదటిది ఓటీపీల గొడవ. ఇప్పుడు దూరవిద్యలో చేరాలంటే ఏబీసీ ఐడీ (మన క్రెడిట్లు దాచే అకడమిక్ బ్యాంక్ ఆఫ్ క్రెడిట్స్‌ది), డెబ్ ఐడీ (క్లర్క్ గారు చెప్పిన డిస్టెన్స్ ఎడ్యుకేషన్ బ్యూరోది) ఉండాలి. వాటికి ఓటీపీ ఆధార్‌కు లింకైన నంబర్‌కు వస్తుంది. ఆయన పోస్టులో సిగ్నల్ ఉండదు. వారానికోసారి కిందికి దిగినప్పుడే ఫోన్. నేను ఇక్కడ కంప్యూటర్ ముందు కూర్చుంటే పది నిమిషాల్లో ఓటీపీ చెల్లకుండా పోయేది. మూడు వారాలు ఇదే పని. కాబట్టి లీవులో ఉన్నప్పుడే ఈ ఐడీలు చేసి పెట్టుకోండి, డిజిలాకర్ కూడా తెరిచి ఉంచుకోండి.
రెండోది, గోదారి అన్నయ్యా, లెక్చరర్ కావాలనే మాట వదినకు చెప్పండి. మీరు ఎందుకు చదువుతున్నారో తెలియకపోతే ఆమెకు అది మీ ఫోన్ టైం తగ్గించే పని మాత్రమే. మా వారు నాకు చెప్పాకే నేను పిల్లాణ్ణి పడుకోబెట్టి ఆయన అసైన్‌మెంట్లు స్కాన్ చేసి అప్‌లోడ్ చేయడం మొదలుపెట్టాను.

సిగ్నల్స్_తమ్ముడు
వదినా, అసైన్‌మెంట్లు మీరే రాసేస్తే ఆయనకు ఇంకా తేలిక కదా. మా దగ్గర చాలామంది ఇళ్లలోనే రాయించుకుంటారు.

ఫౌజీ_ఇల్లాలు
రాయను తమ్ముడూ. స్కాన్ చేస్తాను, అప్‌లోడ్ చేస్తాను, తేదీలు గుర్తు చేస్తాను. రాయడం మాత్రం ఆయనే. ఒక్కోసారి కాగితాల మీద చలి కాచుకునే పొయ్యి కిరోసిన్ వాసన కూడా వస్తుంది. ఆ వాసనతో ఉన్న కాగితాలు చూస్తే ఆయన ఎంత చలిలో రాశారో తెలుస్తుంది నాకు. వాటి స్థానంలో నా రాత పంపమంటారా?

లెక్చరర్_మాస్టారు
బాగా చెప్పారమ్మా. అసైన్‌మెంట్ ఇంకొకరు రాస్తే పరీక్ష హాల్లో చెయ్యి కదలదు. దిద్దేవాడికి కూడా తెలిసిపోతుంది.

అగ్నివీర్_సిక్కోలు
అన్నలూ, నేను అగ్నివీర్‌ని, రెండో ఏడు. బీఎస్సీ అయ్యాక వచ్చాను. మాకు ఏడాదికి లీవు 30 రోజులే. నాలుగేళ్లు అయ్యాక పర్మనెంట్ అయ్యేది 25 శాతం వరకే కదా, ఆ టెన్షన్ ఎప్పుడూ ఉంది. ఇప్పుడే ఎమ్మెస్సీ కెమిస్ట్రీ మొదలుపెట్టమంటారా?

లెక్చరర్_మాస్టారు
ల్యాబ్ ఉన్న కోర్సు వద్దు బాబూ. ప్రాక్టికల్స్‌కు రోజుల తరబడి హాజరు కావాలి. ఆ తేదీలు నీ చేతిలో ఉండవు, లీవూ నీ చేతిలో ఉండదు. ల్యాబ్ లేని సబ్జెక్ట్ చూసుకో.

నల్లమల_ఫౌజీ
సిక్కోలు తమ్ముడికి నా పాత సలహానే. నీకు మిగిలింది రెండేళ్లు. ముందు పర్మనెంట్ కోసం ఫిజికల్, ఫైరింగ్, డ్రిల్ మీద పెట్టు. పీజీ ఒకటి పక్కన నెమ్మదిగా సాగనివ్వు. గోదారి పరిస్థితి వేరు, నీది వేరు.

పాత_సుబేదార్
ఈసారి నల్లమలతో నేనూ ఏకీభవిస్తాను.

నేవీ_వైజాగ్
ఆలస్యంగా చూశాను, నాలుగు వారాలు సముద్రంలో ఉన్నాం. ఓడలో నెట్ ఉండదని తెలిసే ముందుగానే పుస్తకాలన్నీ పీడీఎఫ్‌లు దించుకుంటాను. తెలుగులో రాస్తేనే బాగా రాయగలను అనుకునేవాళ్లకు హైదరాబాద్ అంబేద్కర్ ఓపెన్ యూనివర్సిటీ ఉంది, దేశంలో మొట్టమొదటి ఓపెన్ యూనివర్సిటీ అదే, 1982లో పెట్టారు. మా అన్న అక్కడ ఎంఏ చేశాడు. కాకపోతే పరీక్ష సెంటర్లు మన రాష్ట్రాల్లోనే ఉండటంతో ప్రతిసారీ ఊరికి రావాల్సి వచ్చింది. ఎక్కడికైనా పోస్టింగ్ పడేవాళ్లకు ఇగ్నోనే మేలు. ఆర్మీకి, నేవీకి విడిగా రీజినల్ సెంటర్లు కూడా ఉన్నాయి, యూనిట్ ఎడ్యుకేషన్ హవల్దార్‌ను అడిగితే చెబుతాడు.

హవల్దార్_గోదారి
ఇంగ్లీష్‌లో రాయడం గురించే భయం. పదమూడేళ్లలో పెన్నుతో రాసింది గార్డ్ రిజిస్టరే. మూడు గంటలు ఆపకుండా రాయగలనా?

లెక్చరర్_మాస్టారు
ఆదివారానికి ఒక్క జవాబు. గడియారం పెట్టుకుని ముప్పై నిమిషాలు, పుస్తకం మూసి. మొదటి రెండు వారాలు వేళ్లు నొప్పెడతాయి, వాక్యం సగంలో ఆగిపోతుంది. పర్వాలేదు. పన్నెండు ఆదివారాలు చేస్తే పన్నెండు జవాబులు మీవే అవుతాయి. పుస్తకంలో వాక్యాలు బట్టీ పట్టొద్దు. ఆ రెండు వర్కింగ్ పార్టీల సంగతి ఇక్కడ రాశారు చూడండి, అలాంటి ఉదాహరణ మీ మాటల్లో రాస్తే దిద్దేవాడు ఆగి చదువుతాడు.

హవల్దార్_గోదారి
చాలా రోజుల తర్వాత రాస్తున్నాను. రీ-రిజిస్ట్రేషన్ గడువులోపే చేశాను. మీరంతా చెప్పాక కంపెనీ కమాండర్ సాబ్‌కు అప్లికేషన్ పెట్టాను, ఆఫీస్ కాపీ మీద నంబర్ వేయించుకున్నాను క్లర్క్ భాయ్. సాబ్ చదివి అడిగిన మొదటి మాట, "ఇన్నాళ్లూ ఎందుకు చెప్పలేదు?" ఏం చెప్పాలో తెలియలేదు. రోజూ తొమ్మిదిన్నర నుంచి పదకొండు దాకా స్టోర్ రూములో లైటు వేసుకోవడానికి అనుమతి ఇచ్చారు. దుప్పట్లో చదవడం తప్పింది.
ఇంట్లో కూడా చెప్పాను, లెక్చరర్ సంగతి. కాసేపు ఏమీ మాట్లాడలేదు. తర్వాత "ఏ కాలేజీలో?" అంది. ఇంకా పదేళ్లు పడుతుందేమో అంటే, "పడితే పడనీ, నోట్స్ జాగ్రత్తగా ఉంచు" అంది.
డిసెంబర్‌కు రెండు పేపర్లే పెట్టాను. సెంటర్ ఇక్కడికి గంటన్నర దూరం. ఇప్పటికి తొమ్మిది ఆదివారాలు, తొమ్మిది జవాబులు.

ఈఎంఈ_మెకానిక్
ఏజెంట్ దగ్గర సగం డబ్బు రాబట్టాను. బీఏలో చేరాను అన్నా, మొదటి సెమిస్టర్. నీ ఎంఏ అయ్యేలోపు నాది ఇంకా అవదులే గానీ, మొదలైంది.

ఫౌజీ_ఇల్లాలు
వదిన అడిగిన ప్రశ్న నాకు చాలా నచ్చింది అన్నయ్యా.

పాత_సుబేదార్
పరీక్ష ముందు రోజు గార్డ్ పడకుండా ఇప్పుడే సీహెచ్ఎంకు తేదీలు ఇచ్చి ఉంచు. రెండు పెన్నులు పెట్టుకో. ఐడీ కార్డు మర్చిపోకు.

హవల్దార్_గోదారి
ఇచ్చాను సాబ్. కొత్త హాల్ టికెట్ కూడా వచ్చింది. పాతదాని పక్కనే పెట్టె మూతకు అంటించాను.